ముందు దీపం సరే, వెనక చీకటి మాటేమిటి?

2017 ఏప్రిల్ తర్వాత కొంతకాలం మన రోడ్ల మీద ఒక సైగ తెగ నడిచింది. మిట్టమధ్యాహ్నం కొత్త బండి మీద వెళ్లేవాడికి ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట మూసి తెరిచి చూపించేవాడు, లైటు వెలుగుతోంది ఆపుకో అని. ఆపుకుందామంటే హ్యాండిల్ మీద స్విచ్ ఉంటేగా! ఇంజన్ స్టార్టయితే హెడ్‌లైటు దానంతటదే వెలగాలి, ఆర్పే వీలుండకూడదు అన్న నిబంధన బీఎస్-4 ప్రమాణాలతో పాటే ఆ నెల 1వ తేదీ నుంచి కొత్త టూవీలర్లన్నిటికీ వచ్చింది. రహదారి భద్రతపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సు దాని వెనక ఉంది. బ్యాటరీ దెబ్బతింటుందని కొందరు, మైలేజీ పడిపోతుందని కొందరు, రోహిణి కార్తె ఎండలో ఈ దీపం ఎవరికని ఇంకొందరు గొణిగారు. తర్వాత అలవాటైపోయింది.

సైగ పోయింది గానీ దాని వెనకున్న ప్రశ్న పోలేదు. కారు నడిపేవాడికి, లారీ నడిపేవాడికి మోటార్‌సైకిల్ సరిగ్గా కనబడాలంటే ఏం చేయాలి? దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అంటే నూటికి 44 మందికి పైనే. వీళ్లలో ఎంతమంది కనబడక పోయారో, ఎంతమంది కనబడీ పోయారో ఆ లెక్కలో ఉండదు. చర్చంతా ఆ ఖాళీలోనే నడుస్తోంది.

నలభై ఏళ్లుగా సాగుతున్న ఈ చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఒకరు దీపం అంటారు, ఒకరు రంగు అంటారు, ఒకరు లోపం డ్రైవర్ల బుర్రలో ఉందంటారు, ఇంకొకరు రోడ్డునే మార్చమంటారు. ఈ వాదాలు చాలావరకు లాస్ ఏంజెలెస్‌లోనో, ఆక్లండ్‌లోనో, పారిస్‌లోనో పుట్టాయి. వాటిని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు దారుల మీద పెట్టి చూస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. అన్నిటికీ మించి, ఇవన్నీ బండి ముఖం వైపే చూశాయి. వీపు వైపు చూసినవి తక్కువ.

చర్చ ఎక్కడ మొదలైంది

1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం ఇచ్చిన నివేదికను ఈ రంగంలో అందరూ మూలంగా తీసుకుంటారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల చోటికి స్వయంగా వెళ్లి పరిశీలించారు. వేరే వాహనంతో ఢీకొన్న కేసుల్లో మూడింట రెండొంతులు ఎదుటి డ్రైవరు బండికి దారివ్వకపోవడం వల్లే జరిగాయని తేల్చారు. 'నాకు కనబడలేదు' అన్నది ఆ డ్రైవర్లు మళ్లీ మళ్లీ చెప్పిన మాట. పగలు హెడ్‌లైటు వేసుకున్నవాళ్లు, పసుపు, నారింజ, ఎరుపు జాకెట్లు తొడిగినవాళ్లు ప్రమాదాల్లో తక్కువగా కనబడ్డారని కూడా నివేదిక చెప్పింది.

ఐరోపాలో ఐదు దేశాల్లో 921 ప్రమాదాలను తవ్విన మెయిడ్స్ అధ్యయనం కూడా దాదాపు అక్కడికే వచ్చింది. మూడో వంతుకు పైగా కేసుల్లో ఎదుటి డ్రైవరు బండిని గమనించకపోవడమే ప్రధాన కారణంగా తేలింది. 2003 నుంచి అక్కడి తయారీదారులు లైటు ఆర్పే వీల్లేని బండ్లనే తెస్తున్నారు.

మనకు దగ్గరి అనుభవం మాత్రం మలేసియాది. అక్కడ రోడ్డు మీద దాదాపు సగం బండ్లు మోటార్‌సైకిళ్లే. 1992లో పగటిపూట హెడ్‌లైటు తప్పనిసరి చేశారు. రాదిన్ ఉమర్ బృందం సెరెంబాన్, షా ఆలం ప్రాంతాల లెక్కలు తీసి, కనబడకపోవడంతో ముడిపడిన ప్రమాదాలు సుమారు 29 శాతం తగ్గాయని చెప్పింది. సింగపూర్ 1995లో అదే బాట పట్టింది. మన దేశంలో ఢిల్లీ ఐఐటీ ఆచార్యుడు దినేశ్ మోహన్ లాంటివాళ్లు ఈ పగటి దీపం గురించి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మలేసియా తర్వాత పాతికేళ్లకు మనకు అది చట్టమైంది.

దీపం, రంగు అనేవాళ్లు

మొదటి వాదం సూటిగా ఉంటుంది. మోటార్‌సైకిల్ ముఖం సన్నం. కారు ముందు భాగంలో మూడో వంతు కూడా ఉండదు. కారు అద్దం పక్కనుండే స్తంభం చాటున మనిషితో సహా మాయమైపోతుంది. కాబట్టి దాన్ని వెలిగించు, రంగు పూయి, మెరిసేట్టు చెయ్యి అంటుంది ఈ వాదం.

దీనికి గట్టి ఆధారం న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఆక్లండ్‌లో 1993-96 మధ్య దెబ్బలు తగిలిన 463 మంది రైడర్లను, క్షేమంగా తిరుగుతున్న 1,233 మందితో పోల్చి చూశారు. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మెరిసే దుస్తులు వేసుకున్నవాళ్లకు ప్రమాదం 37 శాతం తక్కువ. పగలు హెడ్‌లైటు వేసుకున్నవాళ్లకు 27 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు 24 శాతం తక్కువ. ఈ అంకెలు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ తెల్ల హెల్మెట్, మెరిసే కోటు కొనుక్కునేవాడు మొదటే జాగ్రత్త మనిషి అయ్యుంటాడు కదా? పరిశోధకులు వయసు, అనుభవం లాంటివి లెక్కలో సర్దారు గానీ స్వభావాన్ని పూర్తిగా సర్దడం ఎవరివల్లా కాదు.

రంగు సంగతి ఇంకా చిక్కు. ఇంగ్లండ్‌లో 1996లో హోల్, టిరెల్, లాంగమ్ చేసిన ప్రయోగాలు ఒక మాట స్పష్టం చేశాయి. ఏ రంగైనా దాని వెనకున్న దృశ్యాన్ని బట్టే పనిచేస్తుంది, అన్ని చోట్లా పనికొచ్చే రంగు లేదు. ఇది మన ఏలూరు జిల్లాలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు పెదఎడ్లగాడి వంతెన దగ్గర కొల్లేరును దాటుతుంది. అక్కడ బండి వెనక ఉండేది నీళ్లు, ఆకాశం. ఆ వెలుతురులో తెల్ల చొక్కా కరిగిపోతుంది, ముదురు చొక్కా గీత గీసినట్టు కనబడుతుంది. అదే మనిషి అరగంట తర్వాత ఏలూరు పవర్‌పేటలోకో ఫైర్‌స్టేషన్ సెంటర్‌లోకో వస్తే లెక్క తారుమారు. ఫ్లెక్సీలు, ఆటోల పసుపు, దుకాణాల బోర్డులు, పెళ్లి లైటింగు, వీటి ముందు ఫ్లోరోసెంట్ జాకెట్ కూడా ఇంకో రంగు ముక్కే.

పైగా ఫ్లోరోసెంట్ వేరు, మనవాళ్లు 'రేడియం' అనే మెరుపు టేపు వేరు. రెండూ ఒకటే అనుకునేవాళ్లు పోలీసు శాఖలోనూ ఉన్నారు. ఫ్లోరోసెంట్ బట్ట ఎండలోని అతినీలలోహిత కాంతిని కంటికి కనబడే వెలుగుగా మారుస్తుంది కాబట్టి అది పగటి సరుకు. చీకటి పడితే, అందులోనూ పసుపు వీధి దీపం కింద, మామూలు గుడ్డే. రేడియం టేపు సొంతంగా వెలగదు. మీద పడ్డ హెడ్‌లైటు కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. హెడ్‌లైటుకు దగ్గరగా కూర్చునే కారు డ్రైవరుకు ఆ మెరుపు బాగా అందుతుంది. దీపాలకు చాలా ఎత్తున కూర్చునే లారీ డ్రైవరుకు అంత అందదు. చేపల లారీలు, టిప్పర్లు రాత్రంతా తిరిగే ప్రాంతంలో ఈ తేడా చిన్నదేం కాదు.

దీపం విషయంలో కూడా కొత్త చిక్కొచ్చింది. ఐరోపాలో 2011 నుంచి కొత్త కార్లకూ పగటి దీపాలు తప్పనిసరయ్యాయి. అందరూ దీపం వేసుకుంటే మోటార్‌సైకిల్ ప్రత్యేకత ఏం మిగులుతుంది? ఫ్రాన్స్‌లో కవాలో, పింటో 2012లో పరీక్షించి చూస్తే కార్ల పగటి దీపాల మధ్య మోటార్‌సైకిల్‌ను గుర్తించడం కష్టమైంది. బండికి పసుపు హెడ్‌లైటు పెడితే కొంత మెరుగని అదే బృందం తర్వాత చెప్పింది. మన దగ్గర కార్లకు ఆ నిబంధన లేదు గానీ షోరూం నుంచి వచ్చే కార్లలో చాలా వాటికి కళ్లు మిరుమిట్లు గొలిపే పట్టీ దీపాలు ఉండనే ఉన్నాయి.

చూపు కాదు, బుర్ర అనేవాళ్లు

రెండో వాదం మనస్తత్వవేత్తలది. డ్రైవరు కూడలిలో ఆగుతాడు, బండి వస్తున్న దిక్కుకే చూస్తాడు, చూసి కూడా దాని ముందుకే కారు తీస్తాడు. అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే అతనికి బండి తెలియలేదు. కన్ను నిలకడగా దృశ్యాన్ని తుడిచినట్టు చూడదు, గెంతుతుంది. గెంతే ఆ క్షణంలో మెదడు చూపును ఆపేస్తుంది. ఆగిన చోట్ల కూడా మెదడు తాను ఎదురుచూసే వాటినే ముందు ఏరుకుంటుంది. కార్లు, బస్సులు వచ్చే రోడ్డు మీద కార్లను, బస్సులనే వెతుకుతుంది.

ఆస్ట్రేలియాలో బీన్‌ల్యాండ్ బృందం 2014లో సిమ్యులేటర్ మీద దీన్ని పరీక్షించింది. ఎక్కువ మోటార్‌సైకిళ్లు ఎదురైన డ్రైవర్లు వాటిని ఇంకా దూరం నుంచే పసిగట్టారు. మెయిడ్స్ సమాచారాన్నే మళ్లీ తిరగేసిన ఇటలీ పరిశోధకులకు, మోటార్‌సైకిల్ లైసెన్సు కూడా ఉన్న కారు డ్రైవర్లు ఈ ప్రమాదాలకు తక్కువగా కారణమవుతున్నారని కనబడింది. తానూ బండి నడిపినవాడికి బండి కనబడుతుందన్నమాట.

ఇక్కడే మన చోటు అడ్డం తిరుగుతుంది. దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నూటికి డెబ్బైకి పైగా టూవీలర్లే. ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ స్టీరింగ్ పట్టినవాడు దాదాపు తప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు హ్యాండిల్ పట్టినవాడే. 'ఎదురుచూడకపోవడం' అన్నదే రోగమైతే మన డ్రైవర్లు ప్రపంచంలోకెల్లా బాగా చూసేవాళ్లు అయ్యుండాలి. ఒక రకంగా అయ్యే ఉన్నారు కూడా. సంక్రాంతి ముందు రోజు ఏలూరు పాత బస్టాండ్ దగ్గర ఆటోలు, బండ్లు, ఎడ్ల పందాలకు, కోడి పందాలకు వచ్చిన కార్లు ఒకదానికొకటి జానెడు దూరంలో తగలకుండా జారిపోవడం చూస్తే పాశ్చాత్య మనస్తత్వవేత్త నోరెళ్లబెడతాడు.

అయినా జనం పోతున్నారు. దీనికి ఆ వాదంలో చోటు దొరకని మరో కారణం ఉంది. మన రోడ్డు మీద చాలాసార్లు బండి కనబడుతుంది, లెక్కలోకి రాదు. లారీకి కారు, కారుకు ఆటో, ఆటోకు బండి, బండికి సైకిల్ దారివ్వాలనే అలిఖిత చట్టం నడుస్తుంది. 'కనబడితే ఆగుతాడు' అన్నది ఈ చర్చ మొత్తానికీ పునాది. ఆ పునాది మన జంక్షన్లలో అంత గట్టిది కాదు. ఎంత రేడియం అంటించినా చిన్న బండి పెద్దది కాదు కదా.

మనస్తత్వవేత్తలు చెప్పే ఇంకో సంగతి మాత్రం ఇక్కడ కచ్చితంగా నిలుస్తుంది. అది దూరం, వేగం అంచనా. పెద్ద వస్తువు దగ్గరగా, చిన్న వస్తువు దూరంగా ఉన్నట్టు కంటికి తోస్తుంది. 2005లో హోర్స్‌విల్ బృందం చూపించినట్టు, కారూ బండీ ఒకే వేగంతో వస్తున్నా బండి ఆలస్యంగా చేరుతుందని జనం అనుకుంటారు. రాత్రి ఒకే దీపం అయితే మరీ కష్టం, ఎందుకంటే దగ్గరపడుతున్న కొద్దీ విడిపోయి కనబడే రెండు దీపాల ఆనవాలు అక్కడ ఉండదు. 2012లో బ్రిటన్‌లో చేసిన పరీక్షలో బండికి మూడు దీపాలు త్రికోణంలా అమరిస్తే చీకట్లో వేగం అంచనా మెరుగైంది. మన దగ్గర ఒంటి దీపం చెప్పే కబురు ఇంకా అయోమయం. అది బండి కావచ్చు, ఒక లైటు మాడిపోయిన ట్రాక్టరు కావచ్చు, లారీ కూడా కావచ్చు. బండే కదా అని మధ్యగీత దాటి ఓవర్‌టేక్‌కు వెళ్లినవాడికి చివరి క్షణంలో ఎనిమిదడుగుల వెడల్పు ఎదురవుతుంది.

రోడ్డునే మార్చమనేవాళ్లు

మూడో వాదానికి చూపు మీదే నమ్మకం లేదు. మనిషి తప్పు చేస్తాడు, చేసినా ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలి అంటుంది. స్వీడన్ పార్లమెంటు 1997లో దీన్ని విధానంగా ఆమోదించింది. మోటార్‌సైకిళ్ల విషయంలో దీనికి పెద్ద ఉదాహరణ మళ్లీ మలేసియాయే. అక్కడి ఫెడరల్ హైవే పక్కన 1970లలోనే బండ్లకు వేరే దారి వేశారు. దాన్ని పొడిగించాక ప్రమాదాలు 39 శాతం తగ్గాయని రాదిన్ ఉమర్ రాశారు. వేరే దారిలో పోయే బండి కారువాడికి కనబడాల్సిన పనే లేదు. చిక్కల్లా ఆ దారి హైవేలో కలిసే చోట్ల వస్తుంది. ప్రమాదం మొత్తం అక్కడ పోగవుతుంది.

మనకు అంత దారి లేదు, సర్వీసు రోడ్లున్నాయి, అవీ ముక్కలు ముక్కలుగా. చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి ఏలూరు పక్కగా సాగి గుండుగొలను దగ్గర దేవరపల్లి వైపు తిరుగుతుంది. తాడేపల్లిగూడెం మీదుగా తణుకు వెళ్లే పాత హైవే అక్కడ విడిపోతుంది. భీమడోలు, కైకరం, పూళ్ల లాంటి ఊళ్లు రోడ్డుకు ఆనుకునే పెరిగాయి. డివైడరు అవతలి పొలానికి వెళ్లాలంటే యూటర్న్ దూరం. ఎక్సెల్ మోపెడ్ మీద గడ్డిమోపు కట్టుకున్న రైతు అంత దూరం పోయి తిరిగి వస్తాడా? మార్జిన్ పట్టుకుని రాంగ్ రూట్లో వచ్చేస్తాడు. అతన్ని తిట్టడం తేలిక. డివైడర్ గీసినప్పుడు పొలం అవతలుందన్న సంగతి ఎవరూ అడగలేదు.

రాంగ్ రూట్ ముందు మొదటి రెండు వాదాలూ చేతులెత్తేస్తాయి. దీపం వెలుగుతోంది, బండి కనబడుతోంది. కానీ తన ఎడమ అంచున ఎదురుగా ఒక దీపం రావడమేమిటో డ్రైవరు బుర్రకు అందే లోపు అయిపోతుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. దీపం, రంగు చౌక. రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, కానీ భారమంతా రైడరు మీద పడుతుంది. బుర్ర వాదం కారణాన్ని బాగా వివరిస్తుంది. మందు మాత్రం శిక్షణ, ప్రచారం దాటి పోదు, ప్రచారం ప్రభావం ఎంతకాలం నిలుస్తుందో చెప్పడం కష్టం. రోడ్డు వాదం ఫలితం నిలకడైనది, ఖర్చు, ఏళ్లు, భూసేకరణ దాని వెంట వస్తాయి. ఇవి ఒకదానికొకటి పోటీ అని ఎందుకనుకోవాలో నాకు అర్థం కాదు. బడ్జెట్ కాగితం మీద మాత్రం పోటీయే, ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది.

వెనక వైపు

హర్ట్ నివేదిక నుంచి మన 2017 నిబంధన దాకా అందరి ఊహలోని ప్రమాదం ఒకటే. కూడలిలో ఆగిన కారు, ఎదురుగా వస్తున్న బండి. అమెరికా నగరాలకు అది సరైన బొమ్మ. మన కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఢీకొన్న తీరులన్నిటిలో మొదటి స్థానం వెనక నుంచి కొట్టడానిది. 2022లో మొత్తం ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు అవే. వెనక నుంచి వచ్చే వాహనానికి ముందు హెడ్‌లైటుతో పనేముంది?

కొల్లేరు చుట్టుపక్కల తెల్లవారుజాము ఎలా ఉంటుందో చూస్తే ఇది ఇంకా బోధపడుతుంది. ధనుర్మాసంలో చెరువుల మీద నుంచి మంచు లేచి రోడ్డు మీదికి పాకుతుంది. మండవల్లి, కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద మనుషులు తిరిగే వేళ కూడా అదే. ఏరియేటర్లు చూసుకోవడానికి రాత్రి వెళ్లినవాడు తిరిగొస్తుంటాడు. మేత బస్తా వేసుకుని ఇంకొకడు బయల్దేరుతాడు. పాల క్యాన్లవాళ్లు, బొచ్చె, శీలావతి చేపల ట్రేలు కట్టుకుని ఊళ్లలో అమ్మబోయేవాళ్లు రోడ్డెక్కుతారు. వీళ్ల బండి చాలావరకు ఎక్సెల్లే. సీటు తీసేసి, వెనక ఇనప క్యారేజీ వేసి, దాని మీద రెండు ట్రేలు కడితే కిందనున్న టెయిల్ ల్యాంపు సగం మూసుకుపోతుంది. మిగతా సగాన్ని బురద మూసేస్తుంది. చట్టం అడిగే ఎర్ర రిఫ్లెక్టరు ఒకటి మడ్‌గార్డు మీద ఉంటుంది. ఐసు నీళ్లు కారి, ఉప్పు పేరుకుని, అది ఎరుపో గోధుమరంగో చెప్పలేని స్థితిలో ఉంటుంది. ముందు హెడ్‌లైటు మాత్రం నిబంధన ప్రకారం చక్కగా వెలుగుతూ ఉంటుంది!

ఆ బండి గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. వెనక కారు 90తో వస్తోంది. తేడా 55 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్ల పైమాట. డిమ్ లైటులో ముదురు బట్టల మనిషి యాభై మీటర్ల దూరంలో కనబడ్డాడనుకుంటే కారు డ్రైవరుకు దొరికేది మూడు సెకన్లు. అది ఏమిటో పోల్చుకోవడానికే ఒకటిన్నర సెకను పోతుంది. మంచులో యాభై మీటర్లన్నది దయగల అంకె. కనబడట్లేదని హైబీమ్ వేస్తే మంచు తెరంతా తెల్లగా వెలిగి, ఉన్నదీ పోతుంది.

కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్ల ట్రక్కులు వెనక దీపం లేకుండా తిరుగుతాయి. వాటిని తప్పించుకోవడానికి పక్కకు జరిగే బండి సరిగ్గా వెనక కారు దారిలోకి వస్తుంది. రాత్రి చేపల లారీ నుంచి కారే నీళ్లకు జారుతుందని బండివాడు ఆ తడి గీతను వదిలి మధ్యకు వస్తాడు. ఎందుకొచ్చాడో వెనకవాడికి తెలియదు, వచ్చాడనీ తెలియదు.

లారీలకు, బస్సులకు వెనక అంచుల వెంట రేడియం పట్టీలు అంటించాలన్న నిబంధన ఉంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర అడుగుతారు కూడా. సరుకు మోసే టూవీలర్‌ను అడిగే నాథుడు లేడు. అది కాగితాల మీద సొంత వాహనం, ఫిట్‌నెస్ పరీక్ష పదిహేనేళ్లకు గానీ రాదు. పోలీసులు అప్పుడప్పుడు ట్రాక్టర్లకు, ఎడ్లబళ్లకు రేడియం స్టిక్కర్లు అంటించే కార్యక్రమం పెడతారు. మంచి పనే. ఆ స్టిక్కరు బండి మడ్‌గార్డుకు కాక, క్యారేజీ మీద కట్టే ట్రే వెనక్కి, పాల క్యాను పక్కకు అంటాలన్నది ఈ చర్చలో ఎక్కడా వినబడని సాదా మాట. కనబడాల్సింది సరుకు, ఎందుకంటే బండిని కప్పేసేది అదే.

భారం ఎవరి మీద

ఐరోపాలో ఈ ప్రశ్న వీధికెక్కింది. ఫ్రాన్స్ మెరుపు పట్టీ తప్పనిసరి చేయబోతే బైకర్లు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2016 నుంచి మెరుపు జాకెట్ వెంట ఉంచుకోవాలి, బండి ఆగిపోయి రోడ్డు మీద నిలబడాల్సి వస్తే తొడగాలి అన్న దగ్గర ఆగింది. రైడర్ల సంఘాల అభ్యంతరం బట్ట మీద కాదు. ఒకసారి జాకెట్ చట్టమైతే, అది లేనివాడు గుద్దించుకోవడం వాడి తప్పే అవుతుందన్న భయం. నష్టపరిహారం కేసుల్లో బాధితుడి నిర్లక్ష్యం కూడా ఉందని వాదించి సొమ్ము తగ్గించడం మన ట్రిబ్యునళ్లకూ కొత్త కాదు కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం.

హెల్మెట్ రంగు గురించి మన చట్టం ఏమీ అనదు. ఐఎస్‌ఐ ముద్ర ఉండాలంటుంది, అంతే. దుకాణంలో వేలాడేవాటిలో ఎక్కువ నలుపే. పెట్టుకుంటే చాలు మహాప్రభో అనుకునే చోట రంగు మాట ఎత్తడం అత్యాశ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎటూ కొంటున్నప్పుడు తెల్లదో పసుపుదో కొనడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. ఈ చర్చలో ఇంత చౌకగా దొరికే ఫలితం ఇంకొకటి లేదు, ఆక్లండ్ అంకెలో సగమే నిజమైనా సరే.

కారు వైపు నుంచి కూడా కొంత కదలిక ఉంది. మోటార్‌సైకిల్‌ను గుర్తించి తానే బ్రేకు వేసే పరికరాలను, కార్ల భద్రతను పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి పరీక్షల్లో చేర్చింది. అవి మన రోడ్ల మీది పాత లారీలకు, ఐషర్ వ్యాన్లకు, బొలెరోలకు ఎప్పటికి చేరతాయో ఊహించడం కూడా కష్టం.

ఇంకా తేలనివి

2017 దీపం మన దగ్గర ఎన్ని ప్రాణాలు నిలబెట్టింది? దాన్ని విడదీసి చెప్పడం తేలిక కాదు. 2018, 2019లలో 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ బ్రేకులు వచ్చాయి. 2019లో మోటారు వాహనాల చట్ట సవరణతో జరిమానాలు పెరిగాయి. 2020లో కోవిడ్‌తో రోడ్లే ఖాళీ అయ్యాయి. ముందూ వెనకా పోల్చడానికి శుభ్రమైన ఏడాది ఒక్కటీ మిగల్లేదు. మలేసియా 29 శాతాన్ని మన ఖాతాలో రాసుకోవడం మర్యాద కాదు.

ఎల్‌ఈడీల సంగతి రెండోది. ఎదురుగా వచ్చే బండి దీపం మరీ తీవ్రమైతే కారువాడికి ఆ బండి కనబడుతుంది, దాని పక్కన నడిచే మనిషి, సైకిల్, దీపం లేని మరో బండి కనబడకుండా పోతాయి. ఒకరి వెలుగు ఇంకొకరి చీకటవుతుంటే ఎక్కడ గీత గీయాలన్నది తేలలేదు. డిప్పర్ కొట్టడం మరిచిపోయిన దారిలో ఇది పెరిగే సమస్యే.

మూడోది నమోదు. ప్రమాదం జరిగాక పోలీసులు రాసే కాగితంలో 'అతివేగం, నిర్లక్ష్యం' అని రెండు మాటలు పడతాయి. టెయిల్ ల్యాంపు పనిచేస్తోందా, సరుకు దాన్ని కప్పిందా, మంచు ఉందా, రైడరు వేసుకున్నది ఏ రంగు అన్నవి అడిగి రాసే అలవాటు వస్తే తప్ప, వెనక వైపు వాదం కూడా మిగతా వాదాల్లాగే ఊహ మీద నడవాల్సిందే. ఏలూరు-కైకలూరు రోడ్డు లాంటి ఒక్క దారి మీద రెండు చలికాలాలు అలా రాసి చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక పాత బండ్లు. 2017 మార్చిలో అమ్ముడైన చివరి స్విచ్ బండి రిజిస్ట్రేషన్ 2032 దాకా చెల్లుతుంది, రెన్యువల్ చేయిస్తే మరో ఐదేళ్లు. పల్లెల్లో ఎక్సెల్ బండి అంతకంటే ఎక్కువే బతుకుతుంది, కాగితాలతోనో కాగితాలు లేకుండానో.